మా బాబుకి టీసీడీ పరీక్ష: నా అనుభవం

బాబుకి సికిల్ సెల్ అనీమియా (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) అని తేలాక డాక్టర్ గారు చెప్పినవాటిలో నన్ను బాగా భయపెట్టిన మాట పక్షవాతం. ఈ జబ్బున్న పిల్లల్లో మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు సన్నబడే ప్రమాదం ఉందట. పైకి ఏమీ తెలియదు, పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు. అందుకే రెండేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఏటా ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, అంటే టీసీడీ, చేయించాలన్నారు.

పుర్రె లోపలి రక్తనాళం అల్ట్రాసౌండ్‌కి ఎలా అందుతుందని అడిగాను. కణత దగ్గర, చెవికి కాస్త ముందు, ఎముక పల్చగా ఉంటుంది. 2 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగాలు అక్కడినుంచి లోపలికి వెళ్లి, కదిలే రక్తకణాలకి తగిలి తిరిగొస్తాయి. రక్తం ఎంత వేగంగా వెళ్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది. 1982లో రూన్ ఆస్లిడ్ అనే పరిశోధకుడి బృందం చూపిన దారి ఇది. సూది లేదు, రేడియేషన్ లేదు.

మత్తు కూడా ఇవ్వరు, అసలు ఇబ్బందంతా అక్కడే. పిల్లాడు నిద్రపోకూడదు, ఏడవకూడదు. ఊపిరి తీరు మారితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మారుతుంది, దాంతో మెదడులో రక్తం వేగమూ మారిపోతుంది. జ్వరం, నొప్పులు ఉన్న రోజు, కొత్తగా రక్తం ఎక్కించాక కూడా చేయరు. మూడేళ్ల పిల్లాడిని అరగంటసేపు మెలకువగా, కదలకుండా పడుకోబెట్టాలంటే మాటలా! ఇంటి దగ్గరే దువ్వెన వెనకభాగం వాడి కణతకి ఆనించి, పడుకుని కథ వినడం అలవాటు చేశాను. అది బాగా పనికొచ్చింది.

టెక్నీషియన్ గారు జెల్ రాసి ప్రోబ్‌ని, అంటే ధ్వని తరంగాలు పంపే చేతి పరికరాన్ని, వెంట్రుకవాసి జరుపుతూ వెతికారు. ఉన్నట్టుండి గుండె లయతో హుష్, హుష్ అని చప్పుడు. తెరమీద గీతకి పైన ఉన్నది ప్రోబ్ వైపు వచ్చే రక్తం, కింద ఉన్నది దూరంగా వెళ్లేది. లోతు పెంచుతూ ధమని రెండుగా చీలే చోటుకి వచ్చేసరికి పైనా కిందా రెండూ కనిపించాయి. తర్వాత రెండో కణత వైపు అంతా మళ్లీ మొదటినుంచి.

చూసేది సగటు వేగం. సెకనుకి 170 సెంటీమీటర్ల లోపుంటే నార్మల్, 170 నుంచి 199 అయితే జాగ్రత్తగా గమనించాలి, 200, ఆపైన అయితే ప్రమాదం ఎక్కువ. ధమని సన్నబడిన చోట రక్తం దూసుకెళ్తుంది. అనీమియా వల్ల కూడా వేగం పెరుగుతుంది. మావాడిది మధ్యలో వచ్చింది. మళ్లీ పరీక్ష జరిగేదాకా ఒకటే టెన్షన్. 200 దాటినా చేతులెత్తేయాల్సిన పని లేదని డాక్టర్ గారు ఓపిగ్గా వివరించారు. అలాంటి పిల్లలకి క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే మొదటి పక్షవాతం ముప్పు 90 శాతానికి పైగా తగ్గిందని 1998లో వెలువడిన స్టాప్ అధ్యయనం చూపింది. ముందే తెలిస్తే ఆపగలిగే ముప్పు ఇది. సికిల్ సెల్ పిల్లలున్న ప్రతి అమ్మానాన్నా ఈ పరీక్ష గురించి డాక్టర్‌ని అడిగి తీరాలి.

ఈ జబ్బుకి ఇచ్చే హైడ్రాక్సీయూరియా అనే మందు మొదలుపెట్టాక చేసిన పరీక్షలో వేగం 170 లోపుకి దిగింది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: ధమనుల్ని రంగుల బొమ్మగా చూపించే మెషిన్‌లో అంకెలు కొంచెం తక్కువగా రావచ్చు. రిపోర్టులు పోల్చేముందు రెండుసార్లూ ఏ పద్ధతిలో చేశారో అడగండి. నేనైతే పద్ధతి పేరు, ఆ రోజు హీమోగ్లోబిన్ ఎంతో రిపోర్టు మీదే రాయించుకుంటున్నాను.