గడ్డిలో కూర్చున్న సాయంత్రం

ఏడు రోజుల్లో ముగ్గురు డాక్టర్లు నన్ను చూశారు. ఒక్కరూ చొక్కా పైకెత్తమనలేదు. జ్వరం పోయి రెండు నెలలు దాటినా ఈ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నాగావళిలో గాలం వేయడం చిన్నప్పటి అలవాటు. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. కశ్మీర్‌లో పనిచేసినప్పుడు పహల్గాం దగ్గర లిద్దర్ నదిలో ట్రౌట్ చేపలు పట్టడం చూశాడట. సెలవుకొస్తూ నాకొక ఫ్లై తెచ్చాడు. వేలిగోరంత ముల్లుకి గోధుమరంగు కోడి ఈక చుట్టి, నారింజ దారంతో బిగించి, నడుముకి సన్నటి రాగితీగ వేశారు. అరచేతిలో పెట్టుకుంటే అచ్చం పురుగే. వానపాము గుచ్చే పని లేదు. నీటి మీద ఏదో వాలిందనుకొని చేప పైకొస్తుంది. ఫ్లైకి బరువుండదు కాబట్టి అక్కడ లావుపాటి దారం బరువుతోనే దాన్ని విసురుతారట.

ట్రౌట్ ఇక్కడి చేప కాదు. 1900 ప్రాంతంలో బ్రిటిష్ వాళ్లు కశ్మీరుకు తెచ్చి వదిలారు. చల్లటి నీళ్లుంటేనే బతుకుతుంది, మన ఏట్లో ఒక్క ఎండాకాలం కూడా దాటదు. కానీ మనకి పరిగెలున్నాయి కదా. వాన వెలిసి ఉసిళ్లు లేచిన సాయంత్రం అవి నీటి మీదికి ఎలా ఎగబడతాయో ఏటి ఒడ్డున పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అక్టోబరు చివర్లో అలాంటి సాయంత్రమే ఒకటి వచ్చింది. వెదురు గెడకు ఆ ఫ్లై కట్టి గడ్డి దుబ్బుల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాను. మన నీడ నీళ్లలో పడితే చేప రాదు. గెడ వెనక్కి, ముందుకి, ఫ్లై నీటి మీద తేలుతుంది, మళ్లీ వెనక్కి. నాలుగు పరిగెలు పడ్డాయి, నాలుగూ వదిలేశాను. ఆ గంటన్నరలో షాపు అప్పులు ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

పది రోజులకు జ్వరం వచ్చింది. ఒకరు వైరల్ అన్నారు, ఇంకొకరు టైఫాయిడ్ అన్నారు. సెలైన్లు, పరీక్షలు అందరికీ తెలిసినవే. ఏడో రోజు రాత్రి టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాను. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. తలుపు దగ్గర డ్యూటీ డాక్టరు ఫోను చూసుకుంటూనే మా ఆవిడతో అన్నాడు: "పెద్దగా ఆశ పెట్టుకోకండమ్మా, చుట్టాలకు కబురు చెప్పుకోండి." నేను వింటున్నానని అతనికి తోచలేదు. ఆమె ఏమీ అనలేదు. చేతిలో ఉన్న ఫ్లాస్కు మూత బిగిస్తూ విప్పుతూ ఉండిపోయింది. ఆ కిర్రుమనే చప్పుడు తెల్లవార్లూ విన్నాను.

ఆ రాత్రి దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. ఏరు కనిపించింది. ఊపిరి తీసినప్పుడు గెడ వెనక్కి, వదిలినప్పుడు ముందుకి. ఇంకొక్కసారి విసురుదాం, ఇంకొక్కసారి అనుకుంటూ తెల్లారే దాకా లాక్కొచ్చాను.

పొద్దున్నే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి మార్చారు. బట్టలు మారుస్తున్న నర్సమ్మ నా మొలతాడు కింద చూసి ఆగింది. "ఇదేటన్నా, బీడీ చురకా?" అంది. నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే నాకే తెలియలేదు. ఆమె పరుగున డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. "గడ్డిలో గానీ, పొదల్లో గానీ కూర్చున్నారా?" అని అడిగిన మొదటి మనిషి ఆవిడ. స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి ఆనని ఒక రకం పురుగు పిల్ల (మంచంలో నల్లి కాదు) కుట్టడం వల్ల వచ్చే జ్వరమట. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. చవకైన మందు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగిపోయింది. ఆ నర్సమ్మ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఆవిడేమో పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "కార్తీకంలో గాలం ముట్టావు, ఏరు ఊరుకుంటాదేటి?" చేపల్ని వదిలేశానని చెప్పినా వినలేదు. అదే అమ్మ ఆ ఆదివారం చెప్పుల్లేకుండా నడిచి అరసవల్లి వెళ్లింది. ఆరోగ్యమిచ్చేది సూర్యనారాయణమూర్తేనని మా వైపు నమ్మకం. నేనూ నమ్ముతాను. ఆ నర్సమ్మ కళ్లను నా వైపు తిప్పింది ఆయనే అనుకుంటాను.

జ్వరం నాలుగైదు రోజులకు తగ్గకపోతే ఇలాంటి నల్లటి పెచ్చు ఉందేమో ఒళ్లంతా చూసుకోండి. చంకలు, గజ్జలు, నడుము, మోకాళ్ల వెనక, బట్ట కప్పే ప్రతి చోటా. పొలానికి గానీ, ఏటికి గానీ వెళ్లి ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. మందు మాత్రం సొంతంగా కొని మింగకండి. గడ్డిలో తిరిగొచ్చాక స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో ఉతకండి.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ ఏటికి వెళ్లాను. ఫుల్ ప్యాంటు, బూట్లు, కింద టార్పాలిన్ పట్టా. మోకాళ్లలో ఇంకా బలం రాలేదు, మూడుసార్లు విసిరేసరికి ఆయాసం వచ్చింది. నాలుగోసారి ఈక తడిసి కొద్దిగా మునిగింది. కింద నుంచి వెండిరంగు పరిగె ఒకటి లేచి, దాన్ని ముట్టి, వదిలేసి వెళ్లిపోయింది. నీటి మీద చిన్న సుడి మిగిలింది. వెనక గట్టు మీద నుంచి అమ్మ కేకేసింది.

"పట్టా దాటి కూకోకు నాయనా!"