ప్రధాని చేతిలోని ఉంగరం

విజయనగర ప్రధాని అనగానే అందరం తిమ్మరుసు తెలివితేటల దగ్గరే ఆగిపోతాం. నన్ను పట్టి ఉంచేది ఆ పదవిలోని రోజువారీ పని.

రాయలు ఆజ్ఞను కాగితం మీద రాసి పంపరు. నోటితో చెబుతారు, పక్కనున్న రాయసం, అంటే రాతపని చూసే కార్యదర్శి, దాన్ని తన పుస్తకంలో ఎక్కిస్తాడు. మేలు పొందినవాడికి దక్కేది రాజు ఉంగరంతో వేసిన లక్కముద్ర. ఆ ఉంగరం ఉండేది మాత్రం ప్రధాని దగ్గర! అచ్యుతరాయల కాలంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిన సంగతి ఇది. అధికారం ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా ఏ బిరుదూ చెప్పదు.

న్యూనిజ్ లెక్క ప్రకారం సాళువ నాయకుడనే మంత్రికి ఏటా 11 లక్షల వరహాల రాబడి. మూడో వంతు రాజుకు కట్టాలి. మిగతాదాంతో 30,000 కాల్బలం, 3,000 గుర్రాలు, 30 ఏనుగులు పోషించాలి. చిక్కంతా ఇక్కడే: చెప్పినంత సైన్యం ఎప్పుడూ ఉండేది కాదట, మిగులు మంత్రికే. కాకపోతే రాజు తలుచుకుంటే ఆ ఆస్తి మొత్తం లాక్కోగలడు. సైన్యాన్ని లెక్కపెట్టాల్సిన హోదాలో ఉన్నవాడే సైన్యాన్ని తగ్గిస్తే ఇక నాయంకరాలను, అంటే సైన్యాన్ని పోషించే షరతుతో నాయకులకిచ్చిన ప్రాంతాలను, అదుపు చేసేదెవరు?