అదే వీడియో, మా ఇద్దరి చూపులు వేరు

చూపు కదలికల మీద జరుగుతున్న పరిశోధనకు మనుషులు కావాలంటే చెల్లీ నేనూ వెళ్లాం. వీడియోలు చూడటమే పని అన్నారు. వీడియో మొదలవడానికే అరగంట పట్టింది.

ముందు కాటుక తుడిచేయమన్నారు. కంటికి కనపడని పరారుణ కాంతి, కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా మీద పడి మెరుస్తుంది. ఆ మెరుపు కంటిపాప నడిమికి ఎటుపక్క, ఎంత దూరంలో ఉందో చూసి, మనం ఎక్కడ చూస్తున్నామో కంప్యూటర్ లెక్కగడుతుంది. నల్లటి కాటుకను కంటిపాపగా పొరబడే ప్రమాదం ఉందట. తడి దూదితో ఎంత తుడిచినా ఎడమకంటి కింది రెప్ప అంచున సన్నని గీత మిగిలింది. అది పోయేదాకా పరిశోధక విద్యార్థిని ఊరుకోలేదు.

తర్వాత గడ్డం ఆనించి, తెర మీద తొమ్మిది చోట్ల వచ్చే చుక్కను చూడాలి. కుడివైపు పై మూల చుక్క రెండుసార్లు తప్పింది. "చుక్క రాకముందే చూపు వెళ్లిపోతోంది అక్కా, కాస్త ఆగండి" అంది ఆ అమ్మాయి. కళ్లజోడు కొంచెం వంచి పెట్టుకున్నాక మూడోసారి కుదిరింది.

వీడియోలు అయ్యాక మా చూపులు చుక్కలుగా వేసి చూపించారు. నాది ఎరుపు, చెల్లిది ఆకుపచ్చ. సంతలో ఒక ముసలాయన బేరమాడుతున్న దృశ్యం. ఆకుపచ్చ చుక్క ఆయన కళ్లను వదల్లేదు. ఎరుపు చుక్క సెకనుకు మూడు నాలుగు గెంతులు వేస్తూ వెనక గోడ మీది అక్షరాల వెంట పోయింది. "మాట్లాడుతుంటే ముఖం చూడవేం?" అని చిన్నప్పటి నుంచి పడ్డ మాటలు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. నేను లక్ష్యపెట్టక కాదు, నా కళ్లు పోయే దారి అది.

ఇలాంటి తేడాలు నిలకడగా ఉంటాయట. జర్మనీకి చెందిన బెన్ డి హాస్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో కొందరి చూపు ముఖాల మీదికి, కొందరిది అక్షరాల మీదికి ఎక్కువగా పోయింది. ఒకే తల్లి బిడ్డలం కదా అన్నాను. 2017లో పసిపిల్లలకు వీడియోలు చూపిస్తే, ఒకే అండం నుంచి పుట్టిన కవలల చూపులే బాగా కలిశాయని, మామూలు కవలల్లో అంత పోలిక లేదని ఆ పరిశోధక విద్యార్థిని చెప్పింది.

సంత దృశ్యం మళ్లీ వేయమని అడిగాను. ఈసారి పట్టుబట్టి ముసలాయన ముఖమే చూశాను. ఆయన కింది పెదవి వణుకుతోంది. మొదటిసారి అది నాకు కనపడనే లేదు. పక్కన చెల్లి, "ఆ గోడ మీద ఇంత రాసి ఉందా అక్కా!" అంటోంది.