పాలిటిక్స్ మాస్టారి కాగితాలు సర్దేటప్పుడు

రిటైరైన పొలిటికల్ సైన్స్ ప్రొఫెసరు కాగితాలనగానే అందరూ థీసిస్, అచ్చయిన వ్యాసాలే వెతుకుతారు. నా లెక్కలో అసలు విలువ ఫీల్డు నోట్సుది, పోలింగు బూతుల వారీగా చేత్తో గీసుకున్న పట్టికలది. కట్టలు ఆయన కట్టిన వరసలోనే ఉంచండి. దేని పక్కన ఏది పెట్టారన్నదే ఆయన ఆలోచన జాడ.

మన వైపు తికమకపెట్టేవి జిల్లా పేర్లు. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, విజయనగరం 1979 జూన్ 1న; పార్వతీపురం అప్పుడే శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లింది. అంచేత 1960ల చివరి గిరిజన పోరాటం గురించి పార్వతీపురంలో రాసుకున్న నోట్సు మీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. ఆ ఊరిప్పుడు, 2022 నుంచి, పార్వతీపురం మన్యం జిల్లా. పాత పేరు కొట్టేయకుండా జాబితాలో రెండూ రాయాలి. కాగితం మీద అంకె వేయాలంటే పెన్సిలే.

ఉప్పుగాలికి గుండుసూదులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోతాయి, లాగితే చిరుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, వదులయ్యాకే తీయాలి. సెలోటేపు, లామినేషన్ వద్దే వద్దు: టేపు జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. పేపరు కటింగులు పక్క కాగితాలకు గోధుమరంగు మరకలు అంటిస్తాయి, వాటికి విడి కవరు పెట్టండి. స్కానింగుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు, మసకబారిన పెన్సిలు రాతకు 600.