ఒకటిన్నర స్పీడులో అమ్మమ్మ

వచ్చే ఏడాది ఆరో తరగతి. ఇక్కడ జర్మనీలో, బవేరియాలో, గిమ్నాజియం అనే హైస్కూలు పిల్లలకి అప్పుడే రెండో విదేశీ భాష మొదలవుతుంది. లాటినా, ఫ్రెంచా టిక్కు పెట్టి పంపమని స్కూలు నుంచి ఫారం వచ్చింది. మా అమ్మాయి ఫ్రెంచ్‌కి టిక్కు పెట్టి, పెన్ను మూత పెడుతూ అంది: "అమ్మా, ఇంగ్లీషు ఒకటి, ఫ్రెంచ్ రెండు. మూడో ఫ్రెమ్డ్‌ష్ప్రాఖె నాకొద్దు. తెలుగు ఆపేస్తా."

ఫ్రెమ్డ్‌ష్ప్రాఖె అంటే పరాయి భాష. తెలుగు పరాయి భాషట!

గయ్యిమన్నాను. నా నోటికి ఆ హక్కు ఉందా అని తర్వాత అనుమానం వచ్చింది. నేను బ్లూ కార్డు అనే ఉద్యోగ పర్మిట్ మీద వచ్చాను. జర్మన్ భాషలో బి1 స్థాయి పరీక్ష పాసైతే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్సీ ఇస్తారని పట్టుబట్టి చదివి పాసయ్యాను. కార్డు చేతికొచ్చాక పుస్తకం మూశాను. ఫోన్లో మాత్రం 512 రోజులుగా రోజూ జర్మన్ చేస్తున్నాను, బస్సులో మూడు నిమిషాలు, ఆ వరస తెగిపోతుందన్న భయంతో. ఉత్తరం వస్తే కెమెరా పెట్టి అనువాదం చదువుతాను. ఇంటి ఓనరు ఫోన్ చేస్తే కూతురి చేతికిస్తాను.

అలాంటి దాన్ని, దానికి తెలుగు యాప్ పెట్టాను. డుయోలింగోలో ఇంగ్లీషు నుంచి హిందీ నేర్చుకోవచ్చు, తెలుగు లేదు. వెతికి ఇంకోటి పట్టుకున్నాను. వారం తిరక్కుండా అక్షరాలన్నీ నొక్కేసి నక్షత్రాలు తెచ్చుకుంది. నేను జన్మలో రాయని ఌ కూడా గుర్తుపట్టింది. ఆ ఆదివారం వీడియో కాల్లో తెనాలి నుంచి మా అమ్మ "ఏం చేస్తున్నావే?" అంటే, "బాగున్నాను" అంది.

అయినా ఆ యాప్ వల్లే ఒక మంచి సాయంత్రం దొరికింది, కాదనను. అందులో పాఠం: నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది. "నువ్వూ కుక్కా ఒకటేనా?" అని అడిగింది. యాప్‌కి ఆకుపచ్చ టిక్కు ఇవ్వడం తప్ప తెలీదు. నేను బీటెక్. చాట్‌బాట్‌ని అడిగితే మగవాళ్ళు మహత్తు, మిగతావన్నీ అమహత్తు అంటూ పేజీడు చెప్పింది. సగం చదివేలోపే పిల్ల "ఓ, డాస్ మేడ్షెన్!" అని అరిచింది. జర్మన్లో అమ్మాయి నపుంసక లింగం. ఇక్కడా అక్కడా ఆడపిల్లకి అదే మర్యాద అన్నమాట. మన దగ్గర కనీసం ఇద్దరు కలిస్తే "వచ్చారు" అవుతారని చెప్పాను. పడీ పడీ నవ్వింది. మర్నాడు యాప్ తెరవలేదు.

తర్వాత వాయిస్ టైపింగ్ నేర్పాను. "స్కూలుకి వెల్లాను, నీల్లు తాగాను" అని ఇది చెబితే, ఫోన్ తనంతట తనే ళ దిద్ది "వెళ్ళాను, నీళ్ళు" అని రాస్తుంది. మా అమ్మ మురిసిపోయింది: "పిల్లకి ళ ఎంత చక్కగా వచ్చిందే!" నేను నిజం చెప్పలేదు. ఆ మెచ్చుకోలులో సగం నాకే అనిపించింది మరి.

ఏ యాప్ మంచిదని ఇక్కడి స్నేహితులు అడుగుతుంటారు. రోజూ పది నిమిషాలు చాలు, ఆటలా ఉండాలి, అమ్మమ్మతో మాట్లాడించండి అని ధైర్యంగా చెప్పేదాన్ని. ఇప్పుడు నోరు రావడం లేదు.

అమ్మకి టైపింగ్ రాదు, కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు. జవాబులన్నీ వాయిస్ మెసేజీలే. చలికాలం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్కడ పదకొండు దాటుతుంది, ఇంక ఫోనెక్కడ? మొన్న గదిలోంచి ఎవరో గబగబా చిలకలా మాట్లాడుతున్నట్టు వినిపించి తొంగిచూశాను. అమ్మమ్మని ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని వింటోంది. "టైమ్ సేవ్ అవుతుంది" అంది. చెయ్యి ఎత్తబోయి ఆగాను.

నిన్న పక్కన కూర్చోబెట్టి మామూలు స్పీడులో పెట్టాను. నాలుగు నిమిషాల మెసేజ్. గోంగూర కడిగి ఆరబెట్టానంది. మధ్యలో కుక్కర్ కూసింది, వీధిలో కూరగాయల బండి మైకు. "ఆఁ... ఏం చెబుతున్నానూ" అని కాసేపు ఆగింది.

"అమ్మా, అమ్మమ్మకి ఒంట్లో బాలేదా?" అని అడిగింది. "ఎందుకంత మెల్లగా మాట్లాడుతోంది?"

"బాగానే ఉంది. అమ్మమ్మ మాట ఎప్పుడూ ఇంతే."

"నీకెలా తెలుసు? నువ్వు టూ ఎక్స్‌లో వింటావుగా."

మెసేజ్ మళ్ళీ మొదటికి జరిపాను, అమ్మ ఇదివరకు కూడా ఇంతసేపు ఆగేదా అని.