ఇటలీలో నేలచూపులు

ఇటలీలో మా గ్రూప్ టూరును నడిపింది టూర్ మేనేజర్ కాదు, బస్సు డ్రైవరు. నిజానికి అతనూ కాదు, అతని సీటు ముందున్న చిన్న మీటరు. యూరప్ చట్టం ప్రకారం బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తీసుకుని తీరాలి. రాత్రి బండి ఆపాక మామూలుగా 11 గంటలు మళ్ళీ స్టీరింగ్ పట్టకూడదు. ఆ లెక్కంతా మీటర్లో పడుతుంది, పోలీసులు ఎక్కడైనా ఆపి చూడొచ్చు. రోమ్‌లో మొదటి రాత్రి భోజనాల దగ్గర కబుర్లు సాగుతుంటే మా మేనేజర్, ముంబై కుర్రాడు, వచ్చి చేతులు జోడించాడు. "అంకుల్, ఇప్పుడు అరగంట ఆలస్యమైతే పొద్దున బస్సు అరగంట ఆలస్యంగా కదులుతుంది. కొలోసియం టికెట్ టైము మాత్రం కదలదు." పెరుగన్నం సగంలో ఉన్నవాళ్ళు కూడా లేచారు.

ఈ ఒక్క రూలు తెలిస్తే గ్రూప్ టూరు సగం అర్థమైనట్టే. ఊరి నడిబొడ్డుకి పెద్ద బస్సుల్ని రానివ్వరు. రానిచ్చిన చోట పర్మిట్ ఫీజు కట్టాలి. అందుకే హోటళ్ళు ఊరి బయట, దిగిన చోటి నుంచి చూడాల్సిన చోటికి బోలెడు నడక. మేనేజర్ మనల్ని తీసుకెళ్తాడు, తీసుకొస్తాడు, అంతే. లోపల చరిత్ర చెప్పేది లైసెన్సున్న లోకల్ గైడ్. చెవిలో పెట్టుకోవడానికి చిన్న రేడియో ఇస్తారు. ఆ గైడ్ బాగుంటే ఆ ఊరు బాగున్నట్టు, లేకపోతే ఊరు పోయినట్టే.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా కాలవలు, షట్టర్లు, పునాదులు. ఇటలీలో చూడాల్సినవి లెక్కలేనన్ని, మనకిచ్చే టైమేమో గంటల్లో. అన్నీ చూడాలని పరుగెత్తితే ఏదీ చూడం. అందుకని బయల్దేరేముందే ఒక్క సంగతి పట్టుకున్నాను: ఇవన్నీ ఏ నేల మీద, ఎలా నిలబడ్డాయి? "అందరూ తలెత్తి చూస్తుంటే మీరొక్కరే నేలచూపులు చూస్తారేమండీ" అని మా ఆవిడ దెప్పుతూనే ఉంది.

రోమన్ల పాత క్రీడారంగం కొలోసియంలో ఆ నేలచూపులే పనికొచ్చాయి. అక్కడ మొదట ఉన్నది చెరువు. నీరో చక్రవర్తి తన బంగారు మేడ తోటలో తవ్వించుకున్నాడు. అతను పోయాక చక్రవర్తి వెస్పాసియన్ ఆ చెరువు ఎండగట్టించి, జనం కోసం అందులోనే ఈ కట్టడం మొదలుపెట్టాడు. కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. చెరువు గర్భంలో కట్టడమంటే మాటలా? కోడిగుడ్డు ఆకారంలో దాదాపు పన్నెండు మీటర్ల మందాన కాంక్రీటు పోశారు. అయినా నేల తన గుణం చూపించింది. గోడ ఒకవైపు పూర్తి ఎత్తున ఉంది, రెండోవైపు బయటి వలయమే లేదు. 1349 భూకంపంలో కూలింది ఆ దక్షిణం వైపే. ఉత్తరాన నేల గట్టిది, దక్షిణాన పాత వాగు తెచ్చిపోసిన ఒండ్రు. పడిన రాళ్ళు ఊరికే పోలేదు, రోమ్‌లో తర్వాత లేచిన మేడల్లోకి చేరాయి. గోడల నిండా బొరియలున్నాయి కదా, తుపాకీ గుండ్ల గుర్తులా అని మా బృందంలో ఒకాయన అడిగాడు. కాదట. రాయికీ రాయికీ మధ్య వేసిన ఇనప బందుల్ని తర్వాతి కాలంవాళ్ళు తవ్వి పట్టుకుపోయారు. ఇనుము కోసం గోడలు తవ్వే కళ మన దగ్గర మాత్రమే లేదన్నమాట.

పాంథియన్ అనే పాత రోమన్ గుడి మా ప్రోగ్రాంలో బయటి నుంచి చూడ్డమే. ఫ్రీ టైములో మనిషికి ఐదు యూరోలు పెట్టి మేమే లోపలికి వెళ్ళాం. ఇటలీ మొత్తంలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు అదే. సుమారు 1900 ఏళ్ళ కిందట హాడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన గుమ్మటం. అడ్డం 43 మీటర్ల పైచిలుకు, నేల నుంచి శిఖరానికి ఎత్తూ అంతే. లోపల ఒక్క ఇనప కడ్డీ లేదు. కడ్డీ లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. కిటుకు కంకరలో ఉంది. అడుగున బరువైన రాయి కలిపారు. పైకి వెళ్ళేకొద్దీ తేలికవి వేస్తూ, శిఖరం దగ్గర నీళ్ళలో తేలే అగ్నిపర్వతపు రాయి వాడారు. మందం కింద ఆరు మీటర్లయితే పైన ఒక మీటరు చిల్లర. సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపారు. మన పాత ఆనకట్టల్లో సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్కీ, కలిపినదీ ఈ సూత్రం మీదే. నడినెత్తిన కప్పు లేకుండా గుండ్రటి కన్నం వదిలేశారు. వానొస్తే నీళ్ళు లోపలే పడతాయి. మరి ఎక్కడికి పోతాయని కిందికి చూశాను. చలువరాతి నేల మధ్యలో కాస్త ఎత్తుగా ఉంది, చిన్న చిన్న తూములున్నాయి. చిత్రకారుడు రాఫెల్ సమాధి చూసి వచ్చిన మా ఆవిడకి ఆ తూములు చూపించాను. "చూశాను లెండి" అంది.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర అందరూ వెనక్కి తిరిగి నాణేలు వేశారు. ఆ డబ్బు ఏరి పేదల కోసం పనిచేసే సంస్థకి ఇస్తారు. నాకు నచ్చింది నీళ్ళు వచ్చే దారి. క్రీ.పూ. 19లో అగ్రిప్ప అనే ఆయన ఊరి బయటి ఊటల నుంచి తెప్పించిన కాలవ అది. దాదాపు అంతా భూమి లోపలే, పంపు లేదు, ఉత్త వాలు మీద పారడమే. మధ్యలో పాడైంది, మరమ్మతు చేసుకున్నారు, ఇప్పటికీ ఈ ఫౌంటెన్‌కి ఆ నీళ్ళే. వీధుల్లో ఇనప గొట్టాల్లోంచి రాత్రింబవళ్ళు కారే మంచినీళ్ళు మాత్రం సీసాలో పట్టుకోండి, కొనకండి. అసలు ఖర్చు నీళ్ళకి కాదు, బాత్రూముకి. ఒక యూరో, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. ఉపాయమేమిటంటే, కాఫీ బార్‌లోకి వెళ్ళి నిలబడి కాఫీ తాగితే టేబుల్ దగ్గర కూర్చున్న రేటులో సగమో ఇంకా తక్కువో, పైగా బాత్రూము ఉచితం.

వాటికన్ గురించి ఎక్కువ రాయను. మ్యూజియంలో జనం మనల్ని నెడతారు, మనం ముందున్నవాళ్ళని నెడతాం. సిస్టీన్ చాపెల్‌కి చేరాక ఫొటోలు తీయకూడదు, మాట్లాడకూడదు. మైకెలాంజెలో 1508 నుంచి నాలుగేళ్ళు పైకప్పు మీద గీసిన బొమ్మల్ని మెడ నొప్పెట్టేదాకా చూశాం. "ఇక్కడైనా పైకి చూశారు" అని మా ఆవిడ సంతోషించింది.

ఫ్లోరెన్స్‌లో గైడ్ కుర్రాడు నా పాలిట దేవుడయ్యాడు. డేవిడ్ విగ్రహం కథ అందరూ చెబుతారు. ఇతను పెద్ద చర్చి గుమ్మటం కింద నిలబెట్టి అడిగాడు: "దీన్ని కట్టడానికి కింద చెక్కల దన్ను పెట్టాలంటే ఎన్ని చెట్లు కావాలి?" మన భాషలో సెంట్రింగ్ అన్నమాట. అంత సెంట్రింగ్ కట్టడం ఎవరి తరమూ కాక చర్చికి దశాబ్దాల తరబడి పైన కప్పే లేదు. 1418లో పోటీ పెట్టారు. బ్రూనెల్లెస్కి అనే కంసాలి, వాస్తు చదువులేవీ లేనివాడు, కింద దన్ను లేకుండానే కడతానన్నాడు. లోపలొకటి బయటొకటి రెండు పొరలు లేపాడు. ఇటుకల్ని చేప ముల్లులా ఏటవాలుగా, నిలువుగా అల్లించాడు. ఒక్కో వరస బిగుసుకున్నాక అదే పై వరసకి దన్ను. 1420లో మొదలై 1436కి పూర్తయింది. నలభై లక్షలకు పైగా ఇటుకలు. పైదాకా 463 మెట్లు. మా టైములో అవి లేవు, నా మోకాళ్ళలోనూ లేవు.

మా బృందంలో గుంటూరు నుంచి వచ్చిన దంపతులున్నారు. బ్యాంకులో చేసి రిటైరైనాయన, ఆయన భార్య. పాత వంతెన మీది బంగారం కొట్ల దగ్గర వదినగారు, మా ఆవిడ ఆగారంటే ఇక కదల్లేదు. ఒకప్పుడు అక్కడ మాంసం కొట్లుండేవి. ఆ కంపు పడక 1593లో అప్పటి ప్రభువు వాళ్ళని ఖాళీ చేయించి కంసాలుల్ని కూర్చోబెట్టాడు. నాలుగు వందల ఏళ్ళు దాటినా అదే వ్యాపారం. వదినగారు ఒక గొలుసు చేత్తో తూకం చూసి, "పద్దెనిమిది క్యారెట్లకి ఈ రేటా? మన పట్నం బజారులో అడిగితే నవ్వుతారు" అని తెలుగులోనే తేల్చేసింది. కొట్టాయనకి భాష రాకపోయినా అర్థమైనట్టుంది, గొలుసు లోపల పెట్టేశాడు.

పీసా కోసమే నేను ఈ టూరుకి డబ్బు కట్టానని చెప్పినా తప్పులేదు. బస్సు దూరంగా ఆగింది, నడిచి వెళ్ళాం. పచ్చిక నిండా జనం గాల్లో చేతులు చాపి గోపురాన్ని మోస్తున్నట్టు ఫొటోలు. మా గుజరాతీ మిత్రులు కాళ్ళతో కూడా మోశారు.

1173లో పునాది తీశారు. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఒరగడం మొదలైంది. కింద మెత్తటి బంకమట్టి, ఇసుక. యుద్ధాల వల్ల పని దాదాపు వందేళ్ళు ఆగిపోయింది. చాలామంది దాన్ని దురదృష్టం అనుకుంటారు గానీ, గోపురం బతికింది అందుకే. ఆ వందేళ్ళలో కింది మట్టి బరువుకి నెమ్మదిగా అణిగి గట్టిపడింది. ఒక్క ఊపులో కట్టేసి ఉంటే అప్పుడే పడిపోయేది. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఒరిగిన వైపు ఎత్తు పెంచి సరిచేయబోయారు. జాగ్రత్తగా చూడండి, గోపురం ఒరగడమే కాదు, కాస్త వంగి ఉంటుంది. 1934లో ముసోలినీ ప్రభుత్వం పునాదిలో కన్నాలు పెట్టి సిమెంటు పాలు ఎక్కిస్తే ఇంకొంచెం ఒరిగింది. 1990లో మూసేశారు. ముందు ఉత్తరం వైపు సీసం దిమ్మెలు పేర్చారు. తర్వాత అసలు వైద్యం: ఒరిగిన వైపు ఎత్తడం మానేసి, ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు పునాది కింద నుంచి ఏటవాలు గొట్టాలతో కొంచెం కొంచెంగా మట్టి తీశారు. ఖాళీ పడిన చోటికి గోపురం తనంతట తనే కూర్చుంది. పై అంచు సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది, 2001లో మళ్ళీ తెరిచారు. ఇదంతా గుంటూరాయనకి చెబుతుంటే "అన్నయ్యగారూ, ముందు ఫొటో దిగుదాం, బస్సు వెళ్ళిపోతుంది" అన్నాడాయన. దిగాను, చెయ్యి చాపకుండా.

వెనిస్‌కి బస్సు పోదు. ఊరి అంచున దించేస్తే పడవెక్కి సాన్ మార్కో చౌకుకి వెళ్ళాలి. దారిలో తెల్లటి గుమ్మటాల చర్చి కనిపిస్తుంది. 1630 ప్లేగు తర్వాత మొక్కు తీర్చుకోవడానికి కట్టిన సాలూతే చర్చి. దాని కింద పది లక్షలకు పైగా చెక్క గుంజలున్నాయని చెబుతారు. ఊరంతా అంతే. బురదలో గుంజల్ని దగ్గరదగ్గరగా దిగ్గొట్టి, వాటి మీద చెక్కలు, పైన నీళ్ళు పీల్చని రాయి, ఆపైన మేడ. నీళ్ళలో చెక్క పుచ్చిపోదా అని బృందంలో అందరికీ అనుమానమే. బురదలో గాలి ఆడదు, గాలి లేకపోతే చెక్క త్వరగా పుచ్చదు. తడిసి ఆరి, తడిసి ఆరే చోటే ప్రమాదం. చౌకులోని గంటగోపురం మాత్రం 1902లో ఒక ఉదయం కుప్పకూలింది. మనుషులెవరూ పోలేదు. ఉన్నచోటే, ఉన్నట్టే మళ్ళీ కట్టి 1912లో ప్రారంభించారు. మనం ఫొటో తీసుకునేది వందేళ్ళ గోపురాన్నే.

నేను గైడుని అడిగింది సముద్రపు పోటును ఆపే గేట్ల గురించి. 2019 నవంబరులో ఈ చౌకు నడుము లోతు మునిగింది. సముద్రం నుంచి ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగులోకి నీళ్ళొచ్చే మూడు మొగల దగ్గర ఇప్పుడు 78 ఉక్కు గేట్లున్నాయి. మన బ్యారేజీ షట్టర్లలా పైనుంచి దిగవు. లోపల డొల్ల, నీళ్ళు నింపుకుని అడుగున పడుకుని ఉంటాయి. పోటు వస్తుందంటే గాలి నింపుతారు, నీళ్ళు పోయి గేటు పైకి తేలుతుంది. 2020 అక్టోబరులో మొదటిసారి పోటును ఆపాయి. పనులేమో 2003లోనే మొదలయ్యాయి. మధ్యలో 2014లో లంచాల కేసు, మేయరుతో సహా అరెస్టులు. ఇదీ మనకి తెలిసిన కథే.

గొండోలా పడవ అరగంటకి 90 యూరోలు, అది మునిసిపాలిటీ పెట్టిన రేటు. మా ప్యాకేజీలో కలిసే ఉంది. ఎక్కాం, దిగాం. మిగిలిన ఫ్రీ టైములో మేమిద్దరం మొగవాళ్ళం, పదమూడో శతాబ్దపు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. గుంటూరాయన స్వగ్రామం చీరాల వైపు, మోటుపల్లికి దగ్గర. మోటుపల్లి రేవు గురించి, ఆ రాజ్యాన్ని తెలివిగా ఏలిన రాణి గురించి, సాలెగూడులాంటి సన్నటి బట్టల గురించి మార్కో పోలో రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు. ఆ రేవులోనే ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది: తుఫానుకి ఒడ్డుకొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోం, న్యాయమైన సుంకం తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తామని. రియాల్టో వంతెన దాటకుండా సందులు పట్టుకుని, మాలిబ్రాన్ నాటకశాల వెనక చిన్న వాకిలికి చేరాం. ఇల్లు ఎప్పుడో కాలిపోయింది. గోడ మీద రాతిఫలకం ఒక్కటే. "మా ఊళ్ళో శాసనం ఉంది, ఇక్కడ ఫలకం ఉంది, చాల్లెండి" అన్నాడాయన. తిరుగుదారిలో మూడు సందులు తప్పి, పడవ కదిలే ముందు పరుగున ఎక్కాం. మేనేజర్ ఏమీ అనలేదు, గడియారం చూపించాడంతే.

మిలాన్ దారిలో చాలా పొలాలు పశువుల మేతకే. ఈ వైపు డెయిరీల్లో పంజాబీలు చాలామంది పనిచేస్తున్నారు, ఇక్కడి చీజ్ వెనక వాళ్ళ చెయ్యీ ఉంది. మిలాన్‌లో చర్చి బయటి నుంచి చూశాం, గాజు కప్పు బజారు చూశాం, అయిపోయింది. ఎవరైనా ఈ టూరుకి వెళ్తుంటే కరపత్రంలో ఒక్కటి చూసుకోండి. "చూస్తాం" అని ఉంటే బయటి నుంచే. "ప్రవేశం" అని ఉంటేనే టికెట్ ఉన్నట్టు. మాకు కొలోసియం ప్రవేశం, మిలాన్ చర్చి చూడ్డమే.

వచ్చే ఏడాది నెదర్లాండ్స్ అంటున్నాను. దేశంలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టం కంటే కిందే. మా ఆవిడ మాత్రం స్విట్జర్లాండ్ అంటోంది, అక్కడైతే కొండలు, నేను తలెత్తక తప్పదని.