లండన్ నడిబొడ్డు ఎక్కడ?

'లండన్ ఇన్ని మైళ్లు' అని రోడ్డు పక్కన బోర్డు కనిపించినప్పుడల్లా నాకొక సందేహం వచ్చేది. లండన్‌లో ఎక్కడికి? ఆ మైళ్లు ఏ గడప దగ్గర ఆగుతాయి? ఈసారి వెళ్లినప్పుడు ఆ చోటు చూడకుండా కదలకూడదనుకుని, మా అక్కను వెంటబెట్టుకుని ఉదయమే బయలుదేరాను.

చేరింగ్ క్రాస్ స్టేషన్ ముందు చెక్కడాలతో నిండిన ఎత్తైన శిలువ స్తంభం ఉంది. "ఇదేనేమోనే" అంది అక్క. కాదు. అది 1865 నాటి ప్రతిరూపం. అసలు శిలువ నిలిచిన చోటు ట్రఫాల్గర్ స్క్వేర్‌కు దక్షిణాన, వాహనాల మధ్య చిన్న దిబ్బలా ఉంది. అక్కడ ఇప్పుడు గుర్రం మీద మొదటి చార్లెస్ రాజు కంచు విగ్రహం ఉంది. దాని వెనక నేలలో ఒక ఫలకం పొదిగారు. లండన్ నుంచి దూరాలు ఈ పాత శిలువ చోటు నుంచే కొలుస్తారని దాని మీద రాసి ఉంది. దాని మీదుగా నడిచిపోతున్నవాళ్లలో ఒక్కరూ కిందికి చూడలేదు. నేను మాత్రం వంగి రెండుసార్లు చదివాను.

ఈ శిలువ వెనక ఒక భర్త దుఃఖం ఉంది. 1290లో ఎలినార్ రాణి లింకన్ దగ్గర చనిపోతే, మొదటి ఎడ్వర్డ్ రాజు ఆమెను వెస్ట్‌మినిస్టర్‌కు తీసుకొచ్చాడు. దారిలో రాత్రి ఆగిన చోట్ల తర్వాత శిలువలు కట్టించాడు. మొత్తం 12. చిట్టచివరిది ఇదే. 1647లో పార్లమెంటు దీన్ని పడగొట్టించింది. 1675 నాటికి ఆ చోట విగ్రహం వచ్చింది. శిలువ పోయినా కొలత అక్కడే ఉండిపోయింది. 1829లో పోలీసు పరిధి గీసినప్పుడూ చేరింగ్ క్రాస్‌నే లెక్కలోకి తీసుకున్నారు. నల్ల టాక్సీ డ్రైవర్లు ఈనాటికీ దీని చుట్టూ ఆరు మైళ్ల లోపలి వీధులన్నీ కంఠతా పట్టి పరీక్ష రాయాలి. ఒకప్పుడైతే దూరం కొలవడానికి ఒక్కో రహదారికి ఒక్కో మొదలు. హైడ్ పార్క్ కార్నర్ నుంచి కొన్ని, హిక్స్ హాల్ అనే పాత కోర్టు భవనం నుంచి కొన్ని.

"మరి మ్యాప్‌లో అసలు మధ్య ఏది?" అని అక్క పట్టుబట్టింది. గ్రేటర్ లండన్ ఆకారాన్ని అట్ట మీద కత్తిరించి సూది మొన మీద నిలబెడితే, ఎక్కడ తూగుతుందో అదే మధ్య. లెక్కేసినవాళ్లు చెప్పే చోటు థేమ్స్‌కు అవతల, ల్యాంబెత్ నార్త్ స్టేషన్ దగ్గర ఫ్రేజియర్ వీధి. వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటి నడుచుకుంటూ వెళ్లాం. అక్కడ మామూలు ఇళ్లు, మామూలు వీధి.

కాళ్లు లాగేస్తున్నా ఆ వీధి చివర కాసేపు నిలబడ్డాం. నాకైతే చేరింగ్ క్రాసే సరైన మధ్య అనిపించింది. గ్రేటర్ లండన్ హద్దులు 1965లో గీసినవి. రేపు మళ్లీ గీస్తే ఈ సూదిమొన చోటు ఇంకో వీధికి జరుగుతుంది. రాణిని చివరిసారి దించిన చోటు మాత్రం జరగదు.

తిరిగి వస్తూ వంతెన మీద అక్క ఒక్కసారిగా ఆగింది.

"ఆ 12 శిలువల్లో ఇంకా ఏవైనా మిగిలాయా?"

"మూడు ఉన్నాయక్కా. ఒకటి లండన్‌కు ఉత్తరాన, వాల్తమ్ క్రాస్‌లో."

"అయితే రేపు అక్కడికే" అంది.